రాయి కింద పన్ను

కూర్చో ఫిలోమెనా, వెలుతురు ఎడమచేతి వైపు రానీ.
సుత్తి ఇంత చిన్నదా అని నవ్వకు,
మా అత్త బాదంకాయలు కొట్టుకున్న సుత్తి అది.
బొగ్గుపెళ్ళను బతిమాలినట్టు కొట్టాలి.
తడిగోనె కప్పే ఉంచు. ఆరిందా, బీటలిచ్చి
లోపలున్నదంతా పొడైపోతుంది.

గని మూసేసి పదేళ్ళు దాటింది.
ఇది పొయ్యిలోకి పోయే బొగ్గు కాదిప్పుడు.
బెర్లిన్ నుంచి డాక్టర్ ఐల్‌హార్ట్ వచ్చి
పంపులు పెట్టించి, నీళ్ళు తోడించి,
నేల అడుగు నుంచి పళ్ళు తెమ్మన్నాడు.
లీరియా సంతలో మమ్మల్ని చూసి ఒకటే నవ్వు.
పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు కదా,
మేం రాయికే పళ్ళూడగొట్టే ఆడవాళ్ళం.

మొదట నీకు దొరికేవన్నీ మొసలివే.
సూదిగా, నున్నగా, ఒక్కటే వేరు, అదీ బోలు.
మొసలికి పన్నంటే లెక్కలేదు,
ఊడితే ఇంకోటి, అదీ ఊడితే మరోటి, చచ్చేదాకా.
ఆ రేకు డబ్బాలో పడెయ్.
బల్లి పళ్ళు ఇంకా చిన్నవి, అచ్చుగుద్దినట్టు అన్నీ ఒక్కలాగే.
తళుక్కుమనేవి చేప పొలుసులు. మోసపోకు.
నేను మొదటి వారమంతా మోసపోయాను.

మనకు కావలసింది నువ్వుగింజలో సగం.
నల్లటి బొగ్గులో నల్లటి పన్ను.
కానీ బొగ్గు నలుపు మసి,
దీని నలుపు నూనెలో తేలిన ఆలివ్ కాయ.
తల కొంచెం వాల్చి చూడు, మెరుపు తనే పిలుస్తుంది.
కింద రెండు వేళ్ళుండాలి.
నీ వేళ్ళు కాదే పిల్లా, చెట్టు వేళ్ళలాంటివి.
పైన కొండలు, పెద్దదొకటి, దాని పక్కన బుడిపెలు.
ఆ కొండ పక్కవాటు ఎక్కడైనా అరిగిందా, అది చూడు.
పై పన్ను కింది పంటి సందులోకి దిగి
రాసుకుని రాసుకుని నున్నబడ్డ చెంప.
మింగేవి మొసళ్ళు.
నమిలినవాళ్ళు మనవాళ్ళు,
ఎలుకంతైనా లేనివాళ్ళు,
రాత్రిపూట పురుగు రెక్కలు కరకరలాడించినవాళ్ళు.
మొక్కజొన్న కంకి ముక్కలా వరసగా బుడిపెలుంటే
అది వేరే జాతి. దాని పేరు పలకాలంటే
నా కట్టుడుపళ్ళు ఊడి బల్లమీద పడతాయి.

లిస్బన్‌లో సిపాయిల తుపాకుల్లో
పూలు గుచ్చిన ఏడు,
అందరూ రేడియో చుట్టూ మూగారు. నేను బల్ల వదల్లేదు.
పెళ్ళ రెండుగా విడింది.
లోపల గోటి ముక్కంత దవడ.
డాక్టర్ కుంచెతో దులిపి భూతద్దం నా చేతికిచ్చాడు.
పైన అరిగిపోయిన బుల్లి పన్ను,
దాని కింద, ఎముక లోపల, మొలవని మరో పన్ను
తన వంతు కోసం కాచుక్కూచుంది.
"వీటికి రెండుసార్లే, జుల్మీరా.
పుట్టిన కొత్తలో వీటికి పళ్ళతో పనిలేదు," అన్నాడు.
ఎందుకని నేనడగలేదు. ముగ్గుర్ని సాకినదాన్ని.
పదిహేను కోట్ల ఏళ్ళ కిందట
ఇక్కడెవరో పాలిచ్చారు.
రాతిలో రొమ్ము మిగలదు, పాలు మిగలవు.
పాలపన్ను మిగిలింది.

మా అమదేవుకి నాలుగో ఏట, జనవరిలో, జ్వరం.
వాడి పాలపళ్ళు ఊడనే లేదు.
ఇంటికప్పు మీదికి విసరడానికి
నా చేతికి ఒక్కటీ రాలేదు.
సరే, ఆ మాట అక్కడితో వదిలెయ్.

దవడ అగ్గిపెట్టెలో దూదిమీద
బెర్లిన్ వెళ్ళిపోయింది.
నువ్వు మాత్రం ఇక్కడ తుమ్మకు.
పోయిన వేసవిలో ఒక్క తుమ్ముకి
ఒక జాతి జాతే ఎగిరిపోయింది,
రెండ్రోజులు మోకాళ్ళమీద వెతికాం.
వేలికొన నాలుకకి అద్దుకో, పన్ను దానికదే అంటుకుంటుంది.
అదిగో, నీ పెళ్ళలో ఏదో మెరిసింది, ఇలా తే...
కాదు. మొసలి.
ఇంకోటి కొట్టు.