గాలి దారి

రాజ్‌కోట్ నించి నాలుగు రోజులు లారీలో పడుకోని వచ్చింది
ఐదొందల కిలోల అచ్చు.
పట్టా విప్పితే ఒళ్లంతా గ్రీజు,
నలుగుకి కూర్చోబెట్టిన పెళ్లికూతురి లాగా.
నెల్లూరు ఆటోనగర్లో, మా షెడ్డులో,
పగలంతా బక్కెట్ మూతలు కొట్టే మిషన్
రాత్రి పదికి మాకు ఖాళీ అయింది.

పెంచలయ్య చైన్‌బ్లాక్ గొలుసు లాగతా
"కింద ఎవురూ ఉండబాకండి" అంటాడు,
ఎవరూ లేకపోయినా, మూడు సార్లు.
ఎడమ చేతి చిటికెన వేలు
పదేళ్ల కిందట ఇంకో అచ్చు ఉంచేసుకుంది.

నాజిల్ వచ్చి స్ప్రూ బొక్కకి ఆనుకున్నప్పుడు
దూడ పొదుగు దొరకబుచ్చుకున్న చప్పుడు.
క్లాంపులు అతనివి. నీళ్ల పైపులు అతనివి.
బ్యారెల్ వేడి నాది: నూట తొంభై, రెండొందల పది, రెండొందల ఇరవై.
రిజిస్టరు నాది.

అచ్చు కడుపులో ఉన్నది ఏరేటర్ చక్రం.
రొయ్యల గుంట మీద తిరిగి
నీళ్లకి గాలి తినిపించేది.
ఎనిమిది రెక్కలు.

ఒకటో షాట్, మూడు రెక్కలు.
రెండో షాట్, ఐదు.
నాలుగోది ఏడున్నర.
ఆ అరే ఇంక నిండలేదు.
ప్రెజర్ పెంచా. అచ్చు అంచుల్లోంచి
దోసె చివర లాగా పల్చగా మాలు బయటికి కారింది,
ఎనిమిదో రెక్కలోకి మాత్రం పోలేదు.
వేడి పెంచా. రెక్క కొసన
అగ్గిపుల్ల ఆర్పినట్టు నల్ల మచ్చ.
పదిహేను షాట్లకి రిజిస్టరులో పదిహేను 'కాదు'లు.
ఇంట్లోంచి ఓనరు చెంచురామయ్య ఫోను:
"చేసినోడిదే తప్పు. పొద్దున్నే ఎనక్కి పంపిద్దాం."

ఒంటిగంటకి మైపాడు నించి బండి మీద తిరుపాలు.
పాత చక్రం విరిగిందంట. కొత్త అచ్చు దిగిందని ఎవరో చెప్పారంట.
గింజల బస్తాల మీద కూచోని
గోడ గడియారం వైపే చూస్తా,
"నాలుగింటికి రొయ్య పైకి తేలద్దయ్యా.
తేలితే పంట పోయినట్టే."

పెంచలయ్య రెక్కని చూళ్లేదు. వాసన చూశాడు.
"మాలు చాలక కాదు కామాక్షీ, గాలి.
లోపలున్న గాలికి పోను దారి లేదు.
మాలు తరుముకుంటా వస్తే
మూలకి పోయి నక్కి, నలిగి,
కాలిపోయింది."

గాలి పంచను పుట్టే చక్రానికి
గాలే అడ్డం.
నవ్వొచ్చుండాల్సింది. తిరుపాలు ఉన్నాడని ఊరుకున్నా.

మిషన్ ఆపి, అచ్చు తెరిచి,
రెండు ఉక్కు ముఖాల మధ్య తల పెట్టాడు.
నేను టార్చి పట్టుకున్నా.
సాన రాయితో ఎనిమిదో రెక్క కొసన
అంచు మీద ఒక గీత.
"వెంట్రుకలో సగం. అంతే.
ఎక్కువైతే మాలు కూడా అదే దారి పడద్ది."
మిగిలిన నాలుగు వేళ్లలో ఒకటి
ఆ గీత మీద నడిపి చూసుకున్నాడు,
చంటి బిడ్డ చిగురులో పన్ను వెతికినట్టు.

పదహారు.
ఎనిమిది రెక్కలు.
రెండు సార్లు లెక్కపెట్టాం. తిరుపాలు కూడా లెక్కపెట్టాడు.
నీళ్ల బక్కెట్లో ముంచితే చుయ్‌మంది.

అప్పుడు కరెంటు పోయింది.

బ్యారెల్లో మాలు గడ్డ కడతా ఉంది.
ఇంక ఈ రాత్రికి పదిహేడోది లేదు.
మొదటి మంచి పీసుకి చీటీ కట్టాలి,
తేదీ వేసి, ఓనరు సంతకంతో గాజు బీరువాలో పెట్టాలి.
అది రూలు. నేను రాసిందే.
తిరుపాలు అడగలేదు. బక్కెట్ వైపు చూశాడు.
పెంచలయ్య చీకట్లో స్పానర్లు వెతకతా
మాకు వీపు తిప్పుకున్నాడు.

"మీకాడ కరెంటు?"
"డీజిల్ ఇంజన్ ఉందమ్మా."

గోనెపట్టాలో చుట్టిచ్చా. లోపల ఇంకా వెచ్చగానే ఉంది.
బండి ఎర్ర లైటు మలుపు తిరిగింది.

టార్చి వెలుగులో రిజిస్టరు:
షాట్ పదహారు. అవును.
నమూనా ఎక్కడ అన్న గడిలో, మైపాడు.
'తిరగతా ఉంది' అని రాయబోయి ఆగా.
మేం చూళ్లేదు కదా.

పొద్దునకి చెంచురామయ్యకి ఏం చెప్పాలో
ఇద్దరం అనుకోలేదు.
షెడ్డులో ఉక్క.
పెంచలయ్య లేచి షట్టర్
జానెడు ఎత్తి పెట్టాడు.