కొండను తవ్వి

మా దగ్గర జీతం కొండలోంచి రాలుతుంది,
లేదా దురియన్ చెట్టు మీంచి.
నేను క్వారీలో డ్రిల్లు పట్టేవాణ్ణి,
మా అత్త ఓపా రుకియాకి పదిహేడు చెట్లు.
పదకొండేళ్ళు ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నాం.
ఆ కొండకీ ఈ కొమ్మకీ మధ్య దారి ఒకటుందని
ఇద్దరికీ తట్టలేదు.

ఆ ఏడు విరగబూసింది.
కొమ్మల నిండా గుత్తులు, పాలు విరిగిన వాసన.
దురియన్ పువ్వు పొద్దు వాలాక విచ్చుకుంటుంది,
తెల్లారేసరికి రాలిపోతుంది.
ఒక్క రాత్రి కాపురం.
ఓపా పొద్దున్నే ఊడ్చి తట్టలు నింపింది,
కొన్ని కూరొండింది కూడా.
పిందె మాత్రం నిలవలేదు.
నూట నలభై కాసిన చెట్టుకి తొమ్మిది.

"ఆ గబ్బిలాలే, పూలు కొరికి పోస్తున్నాయి" అంది.
రెండో పూత మొదలవగానే చేపల వల తెప్పించి
కొమ్మకీ కొమ్మకీ కట్టించింది.
నిచ్చెన పట్టుకున్నది నేనే.

గునుంగ్ తెంగ్కోలోక్ అంటే తలపాగా కొండ.
ఒక చుట్టు ఇప్పటికే విప్పేశాం.
నేను బొరియలు తొలుస్తాను, వేరేవాళ్ళు మందు కూరతారు,
మధ్యాహ్నం రెండింటికి సైరన్.
గురువారం దుమ్ము అణిగాక
ఉత్తరపు అంచున ఒక నోరు తెరుచుకుని ఉంది.
లోపల చల్లగాలి,
మోకాలి లోతు రెట్ట,
ఎప్పుడూ ఎండ చూడని చీకటి
మొదటిసారి కళ్ళు చికిలిస్తూ.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు.
నాకు దొరికింది ఎలుక కాదు.
రాళ్ళ మధ్య బొటనవేలంత మొహం,
నక్కపిల్ల మూతి,
రెక్క మడత విప్పితే తడిసిన గొడుగు గుడ్డ.
పొట్టని కరుచుకుని ఇంకోటి, చిన్నది,
ఇంకా వెచ్చగా.

గబ్బు పేరులోనే ఉంది కదా అని
ఊపిరి బిగబట్టి మొహం దగ్గరికి తెచ్చాను.
బిగబట్టింది ఎంతసేపు నిలుస్తుంది?
వాసన
మా అత్త పెరడుది.
మెడ చుట్టూ బొచ్చులో, నలుగు పెట్టినట్టు,
లేత పసుపు పొడి.

ఎనిమిది కిలోమీటర్లు.
రోజూ రాత్రి ఇది అంత దూరం కూలికి పోయి
ఈ చెట్టు మాట ఆ చెట్టుకి చేరవేసి
తడిసిన నాలుకే కూలి అనుకుని
తిరిగి వస్తోంది,
నేను తొలిచే ఇంటికి.

ఇంజనీరు లియోంగ్ చెడ్డవాడేం కాదు.
హెల్మెట్ తీసి చాలాసేపు చూశాడు.
ఫారం తెచ్చాడు: గాయపడ్డ మనుషులు,
పాడైన యంత్రాలు, ఇళ్ళ గోడల బీటలు.
"దీన్ని ఎక్కడ రాద్దాం?" అన్నాడు.
ఇద్దరం ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాం.

చిన్నది దారిలోనే పోయింది.
ఓపా వాసన చూసింది. మళ్ళీ చూసింది.
నన్ను ఒక్క మాటా అనలేదు. కొడవలి తెచ్చింది.
ఈసారీ నిచ్చెన పట్టుకున్నది నేనే.
వలలో మూడు ఎండి వేలాడుతున్నాయి,
వాటి మెడలకీ అదే పసుపు.

మర్నాటి నుంచి తోటలవాళ్ళు క్వారీ గేటు ముందు కూర్చున్నారు,
ఒక్కొక్కరి ఒళ్ళో రాలిన పూల తట్ట.
పన్నెండో రోజుకి ఉత్తరపు అంచున పని ఆపారు,
వానాకాలం వెళ్ళేవరకు.
ఆ "వరకు" దగ్గర ఓపా
చెవిటిదానిలా ఇంకోసారి చెప్పించుకుంది.

నేను దక్షిణం వైపు తొలుస్తూనే ఉన్నాను.
పిల్లల ఫీజులున్నాయి. ఇది దాచను.

రాత్రి చెట్టు కింద చాప వేసింది.
దీపం వద్దంది. నన్నూ కూర్చోమంది.
పైన పూలు విచ్చుకుంటున్నాయి, కనబడవు,
ముక్కుకి తెలుస్తాయి.
చాలాసేపటికి ఎక్కడో
గొడుగు దులిపిన చప్పుడు.
ఓపా ఒక వేలు మడిచింది.
మిగతా తొమ్మిదీ
చీకట్లోకి చాపి ఉంచింది.