నీలం పట్టీ

దసరా సెలవుల్లో శనివారం, బిడది.
టికెట్టు మీద మళ్ళీ టికెట్టంత పోసి
చేతికి నీలం పట్టీలు కట్టించుకున్నాం
నేనూ, మా ఆడపడుచు కూతురు ఇందుజా.
ముందుగా వెళ్ళేవాళ్ళ వరస ఇది.
మా ముందర రెండొందల మంది.

తొందరని డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ళందరం
ఒకే ఇనుప సందులో ఇరుక్కున్నాం.
ఎవరి తొందర వాళ్ళ మణికట్టుకి
చెమటపట్టి అంటుకుపోయింది.

గొలుసు దగ్గర కుర్రాడు, చొక్కా మీద మంజప్ప అని పేరు,
నలుగుర్ని వదుల్తాడు, గొలుసు వేస్తాడు.
"ఇన్నొందు ఐదు నిమిష" అంటాడు.
పదకొండుంబావుకి అన్నాడు.
పన్నెండుకి అన్నాడు.
ఒంటిగంటకి అనడం మానేసి
అరచెయ్యి ఎత్తి ఐదు వేళ్ళు చూపించాడు.

కడ్డీకి అవతల మామూలు వరస.
పీణ్య నుంచి బస్సులో వచ్చిన గార్మెంట్ ఫ్యాక్టరీ ఆడవాళ్ళు,
అందరి నెత్తినా కంపెనీ ఇచ్చిన పసుప్పచ్చ టోపీలు.
ఆగడానికే వచ్చినట్టు వచ్చారు.
చాప తెచ్చుకున్నారు.
బొరుగుల్లో ఉల్లిపాయ కలిపి కాగితాల్లో పంచుకుంటున్నారు.
ఒకామె ఇంకొకామె జడ విప్పి మొదట్నుంచీ అల్లుతోంది.
వరస కదిలితే జడతో సహా కదులుతున్నారు.

మా వైపు ఎవరూ కూర్చోరు.
కూర్చుంటే ఇచ్చిన డబ్బుకి అవమానం.
ఫోన్లో టైము చూసుకోవడం, భాగించుకోవడం:
ఇంత డబ్బుకి ఇన్ని నిమిషాలు.
నా వెనక నల్ల కళ్ళద్దాలాయన
"మరి మేం ఎందుకు కట్టినట్టు?" అని గట్టిగా అడిగాడు.
మంజప్ప దగ్గర దానికి ఏ భాషలోనూ జవాబు లేదు.

"యే ఊరమ్మా మీది?"
కడ్డీ అవతల్నుంచి, కదిరి పక్క యాస.
ఓబులమ్మంట. కాలర్లు కుట్టే సెక్షను.
"ఏడాదికొక దినం ఇట్ల తోలుకొస్తారు మమ్మల్ని.
మిషను ముందర కూకోని కూకోని
నిలబడేదే మాకు ఆట" అని నవ్వి
నా చెయ్యి చూసి, "ఇదేందిది, ఆస్పత్రిలో కట్టినట్ల?" అంది.

చెప్పలేకపోయాను.
"ఊరికే" అన్నాను.

అప్పుడు వాన.
రేకుల మీద ముందు నాలుగు చినుకులు, ఆ తర్వాత లెక్కలేదు.
రైడు ఆపేశారు.
రెండు వరసలూ ఒకే రేకు కిందికి ముడుచుకున్నాయి.
ఇందుజ కడ్డీ కింద ఎప్పుడు దూరిందో!
చూసేసరికి నెత్తిన పసుపు టోపీ,
చాప మీద అచ్చనగాయలు.
రాళ్ళెక్కడివి అంటే, రాళ్ళు కాదు,
ఒలవని వేరుశెనక్కాయలు.

రెండుంబావుకి మా వంతు.
"ఇందూ, రా!"
"ఉండత్తా, ఐదు నిమిషాలు"
తలెత్తకుండానే అంది.

గొలుసు తీసి పట్టుకుని మంజప్ప చూస్తున్నాడు.
వెనకనుంచి నల్ల కళ్ళద్దాలు దగ్గాయి.
ఒక్కదాన్నే ఎక్కాను.
పక్క సీట్లో వాననీళ్ళు కూర్చున్నాయి.

పైకి లాక్కెళ్ళి కాసేపు ఆపుతుంది ఆ యంత్రం.
మైసూరు రోడ్డు, తడిసిన రాతిగుట్టలు,
కింద తలలు, తలలు.
పసుపు టోపీ కోసం వెతుకుతున్నాను,
దొరికేలోపే వదిలేసింది.
అంతా కలిపి నలభై సెకన్లు.
అరిచానట. నాకు తెలీదు.

ఆ పట్టీ చేత్తో లాగితే ఊడదు.
ఇంట్లో కత్తెర కనబడలేదు, తర్వాత మర్చిపోయాను.

సోమవారం పొద్దున ల్యాబులో
గ్లవ్ కింద అదింకా ఉంది.
పరగడుపున వచ్చినవాళ్ళు టోకెన్లు పట్టుకుని.
ప్యాకేజీవాళ్ళకి వేరే కుర్చీలు, మెత్తటివి.
డెబ్భై రెండో నంబరు పెద్దాయన
చొక్కా చెయ్యి ముందే పైకి మడిచిపెట్టుకుని
"ఇంకా ఎంతసేపమ్మా?" అన్నాడు.

రోజూ చెప్పే మాటే, నోటి చివరిదాకా వచ్చింది.
మింగేసి
"మీ ముందు పధ్నాలుగు మంది ఉన్నారు" అన్నాను.

ఆయన ఒకసారి అందర్నీ లెక్కపెట్టుకున్నాడు.
మడత విప్పాడు.
పక్కావిడ వైపు తిరిగి
ఏ ఊరని అడిగాడు.