ఎఫ్ వరస, ఏడో సీటు

ఈ సినిమా నేను చూడలేదు.
మూడు వారాలుగా తలుపవతల నిలబడి విన్నాను.

క్లీథోర్ప్స్‌లో, సముద్రం మైలు దూరం వెనక్కి పోయి
బురద ఒక్కటే కాపలా ఉండే చలికాలంలో,
టిక్కెట్లు చింపడం, పాప్‌కార్న్ పొట్లాలు నింపడం,
ఆట విడిచాక సీట్ల కింద ఊడ్చడం నా పని.
అందుకే ఇందులో చావులన్నీ
నాకు చప్పుళ్లుగానే తెలుసు.

పన్నెండో నిమిషంలో లిఫ్టు తీగ.
ముప్పయ్యో నిమిషంలో ఈతకొలను, హెయిర్‌ డ్రయ్యరు.
ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు,
కుళాయి చుక్కలు తప్ప.
నాకు ఆ చుక్కలంటేనే భయం.
నలభై ఏడో నిమిషంలో మాత్రం
పాప్‌కార్న్ యంత్రం ఆపెయ్యమంటాడు మేనేజరు నైజెల్.
ఆ పేలుళ్లు వినబడితే లోపలివాళ్లు నవ్వేస్తారట.

కథ ఇంతే:
విహారయాత్ర బస్సు ఎక్కాల్సిన ఆరుగురు పిల్లలు ఎక్కలేదు.
బస్సు వంతెన దాటలేదు.
చావు హాజరు పట్టీ పట్టుకుని
మిగిలిన ఆరుగురి ఇళ్లకీ బయల్దేరింది.
ఒంటిస్తంభం మేడ కట్టుకుని కూర్చున్నా
పండులో పురుగై వస్తుందని
మా నాయనమ్మ చెప్పిన కథే.
కాకపోతే ఇక్కడ పండు బదులు టోస్టరు.

ఆట విడిచాక పిల్లలు
రెయిలింగు గట్టిగా పట్టుకుని మెట్లు దిగుతారు.
పైన వేలాడే దీపాన్ని ఓసారి చూసి, పక్కకి జరిగి,
ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుతారు.
రోడ్డు దాటేముందు రెండువైపులా చూస్తారు.
ఆ జాగ్రత్త చిప్స్ కొట్టు దాకా ఉంటుంది.

రోరీ అలా కాదు.
రోజూ వస్తాడు. ఎఫ్ వరస, ఏడో సీటు.
ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా లేచొచ్చేస్తాడు.
"బాగాలేదా?" అన్నాను మొదటి వారం.
"డెల్ఫీ ఇంకా బతికే ఉంది కదా" అన్నాడు,
కోటు గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకుంటూ.
"నేనొచ్చేస్తే ఉంటుంది."

తర్వాతెప్పుడో చిల్లర లెక్కపెడుతూ నైజెల్ చెప్పాడు:
నవంబరులో, ఇమ్మింగమ్ రోడ్డు మీద, పొగమంచులో,
నలుగురు పిల్లల కారు.
ఐదో సీటు రోరీది.
చేపల కొట్టులో నూనె మార్చే వంతు ఆ రాత్రి వాడికి పడి
ఆగిపోయాడు.
"నూట పదకొండు, నూట పన్నెండు..."
నైజెల్ మళ్లీ చిల్లరలో పడ్డాడు.
నేను వెళ్లి యంత్రం కడిగాను,
అది శుభ్రంగానే ఉన్నా.

నిన్న గురువారం, ఆఖరి ఆట.
రేపట్నుంచి ఏదో కుందేళ్ల బొమ్మ.
హాల్లో వాడొక్కడే.
పై గదిలో ఇప్పుడు రీళ్లూ లేవు, తిప్పే మనిషీ లేడు,
ఒక చిన్న పెట్టె, దాని మీద ఒక మీట.
ఎనభై మూడో నిమిషం.
వాడు లేవకముందే నొక్కేశాను.

తెర మీద డెల్ఫీ
తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసి
నోరు సగం తెరిచి ఆగిపోయింది.
ఆమె ముఖం చూడడం నాకదే మొదటిసారి.
ముక్కు పక్కన చిన్న మచ్చ ఉంది.
ఇన్నాళ్లూ అరుపే తప్ప మచ్చ సంగతి తెలీదు.

దీపాలు వెలిగాయి. రోరీ లేవలేదు.
హీటరు టిక్కుటిక్కుమంటుంటే
ఆమెకేసి చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.
"మిషను పాడైంది" అన్నాను.
"ఊఁ" అన్నాడు.

అడక్కుండానే రెండో చీపురు తీసుకుని
జి వరస నుంచి ఊడ్చుకుంటూ పోయాడు.
ఎవరూ కూర్చోని వరసలు కూడా.

బయట మెట్ల మీద మంచు గాజులా పేరుకుంది.
నేను ముందు దిగుతుంటే
"జారుతుంది, చూసుకో" అన్నాడు.
ఇద్దరం రెయిలింగు పట్టుకున్నాం.
చెయ్యి అంటుకుపోయేంత చల్లగా ఉంది ఇనుము.