నూట పదిహేడో వరస

కావలి కాలేజీలో నెట్టుకి కాపలా నేను.
మస్తాను సార్ రిటైరై పోతా పోతా
ఒక పొడుగాటి ఫైలు నా చేతిలో పెట్టాడు.
పన్నెండేళ్ల ఔను కాదులు,
మేకుకి గుచ్చిన బిల్లుల్లా ఒకదాని మీద ఒకటి.
ఒక పేరు కలపాలంటే
ప్రాక్సీని పడుకోబెట్టి మళ్లీ లేపాలి.
ఆ అరనిమిషం ల్యాబులన్నిట్లో
"ఏందబ్బా, మళ్లా పోయిందీ" అని అరుపులు.

దసరా సెలవుల్లో అదంతా డేటాబేసులోకి ఎక్కించాను.
ఎవరు, ఎక్కడికి, ఏ వేళ, వదలాలా ఆపాలా.
ముందు ఏ వరసకి తగిలితే అక్కడే తీర్పు,
కింది వరస ఎంత మొత్తుకున్నా వినేవాడు లేడు.
దేనికీ తగలకుండా జారి జారి వచ్చినవాడికి
అట్టడుగున నా చేత్తో రాసిన ఆఖరి వరస:
అందరికీ, అన్ని చోట్లకీ, అన్ని వేళలా
కాదు.
అది రాసినప్పుడు, నిజం చెప్పాలంటే,
కాస్త గర్వంగానే ఉండింది.

ఏరివేతలో దొరికిందది. నూట పదిహేడు.
ఒకే ఒక్క మిషను. ఒకే ఒక్క సైటు.
రాత్రి రెండు నుంచి రెండున్నర దాకా వదలాలి.
ఎందుకో రాసి లేదు.
నాలుగు వందల పన్నెండుని తొంభైకి దించానని
ప్రిన్సిపాలుకి లెక్క చూపాలిగా.
తీసేశా.
ఎవరూ అరవలేదు.

మూడో రోజు లాగ్ తిప్పుతుంటే
రాత్రి రెండూ పదికి: కాదు.
రెండూ పదకొండుకి: కాదు.
రెండూ పద్నాలుగుకి. రెండూ ఇరవైకి.
రెండూ ఇరవై తొమ్మిదికి ఇంకోసారి.
ఆ తర్వాత ఏమీ లేదు.
ముందు రాత్రీ అంతే. అంతకు ముందు రాత్రీ.
తలుపు బాదినట్టు కూడా కాదు,
గొళ్లెం ఊడిందేమోనని
మెల్లిగా తోసి చూసినట్టు.

ఆ రాత్రి బండేసుకుని వెళ్లా.
గేటు గదిలో వాచ్‌మన్ పోలయ్య,
తుమ్మలపెంట మనిషి, మంకీ క్యాప్‌లో సగం ముఖం,
నన్ను చూసి చటుక్కున లేచి నిలబడ్డాడు.
"బొమ్మలేమీ చూళ్లేదు మేడం. గాలి చూస్తా, అంతే.
మూడింటికి మా తమ్ముడు పడవ దించుతాడు.
నా ఫోను కోసం ఒడ్డున కాసుకోనుంటాడు.
ఎర్రగా తిరిగితే వద్దను, పచ్చగా ఉంటే పొమ్మను అని
మస్తాను సార్ నేర్పించి పెట్టినాడు."
బల్ల మీద ఆయన బటన్ ఫోను, రబ్బరు బ్యాండు చుట్టి.
"మరి ఈ మూడు రోజులూ?"
"ఏముంది, గేటు బయటికి పోయి
వేపాకులు కదిలేది చూసి చెప్పినా."

ఆ కుర్చీలోనే కూర్చుని వరస తిరిగి రాశా.
అదే నెంబరు. రెండున్నర కొట్టేసి మూడు పెట్టా.
పట్టిక చివర కొత్తగా ఒక గడి కలిపా, ఎందుకు అని.
అన్ని వరసల పక్కనా అది ఖాళీగా తెరుచుకుంది.
ఒక్కదాంట్లో రాశా: గాలి.

"వచ్చిందా?"
"రాలేదు మేడం."
"ఆగు పోలయ్యా, ఒక నిమిషం పడుతుంది.
పాత కాదు దానికింకా గుర్తుంది."

హైవే మీద రొయ్యల లారీ ఒకటి
నీళ్లు కార్చుకుంటా పోయింది.
రెండూ ఇరవై ఆరు.
ఫోను మోగుతా ఉంది. ఆయన ఎత్తలేదు.
"ఉండరా, ఉండు" అన్నాడు ఎత్తకుండానే,
తెర మీద ఇంకా తెల్లగా ఉన్న సముద్రాన్ని చూస్తా.