మూడో స్టేజిలో వాన

హకొదాతెలో ట్రాము ఆఖరి స్టాపు దగ్గర నా కొట్టు.
పాత గేమ్ మిషన్లకు వైద్యం.
ఫిబ్రవరి. గుమ్మం దాకా మంచు.
బూట్లు దులుపుకుంటూ వచ్చారు
డెబ్బై దాటిన తొమొయె కురిబయాషి గారు.
ఊలు చేతితొడుగులోంచి బూడిదరంగు క్యాట్రిడ్జి తీసి
కోడిపిల్లను దించినట్టు బల్ల మీద దించారు.

"మూడో స్టేజిలో వాన పడుతుంది.
అది ఒక్కసారి వినాలి."

ఊదాను. అందరూ ఊదుతారు,
ఊదితే ఏమీ కాదని తెలిసీ.
స్పిరిట్‌తో తుడిచాను, చిలుము గీకాను.
తెర మీద బూడిద.
మళ్ళీ బూడిద.
లోపల బ్యాటరీ కారి
చిప్పును ఎప్పుడో తినేసింది.

ఆ ఆట నా కంప్యూటర్లో ఉంది.
ఆ మాట అనకుండా
దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.
ఆవిడ నా మొహం చూసి, "ఉందా?" అన్నారు.

చెప్పాను, చట్టం నాకు అర్థమైనంత.
ఎమ్యులేటర్ తప్పు కాదండీ, అది ఉత్త పళ్ళెం.
అందులో వడ్డించేది ఎక్కడిదన్నదే పేచీ.
మీ క్యాట్రిడ్జిలోంచి మీరే తోడుకుంటే ఒక మాట,
ఎవరో తోడి పారబోసింది
నేను దోసిలి పడితే ఇంకో మాట.
నాది ఆ రెండోది.

"ఆ వాన కురిపించింది నేనే," అన్నారావిడ.
"ఎనభై ఆరులో, మెట్ల కింద గదిలో.
రెండు చదరపు అలలు, ఒక త్రికోణం, కాస్త గరగర.
ఆ గరగరతోనే చినుకులు చేశాను.
చివర్లో వచ్చే పేర్లలో నన్ను వెతక్కు.
'కప్ప' అని ఉంటుంది.
పక్క కంపెనీ ఎత్తుకుపోతుందని
మాకు అసలు పేర్లు ఉండనిచ్చేవాళ్ళు కాదు."

మరి వాన ఎవరిది?
కంపెనీది. కంపెనీ మునిగింది.
మునిగినదాన్ని పచింకో వాళ్ళెవరో కొన్నారు,
వాళ్ళ దగ్గర్నుంచి ఓ గిడ్డంగుల సంస్థ.
నేనోసారి ఉత్తరం రాస్తే
ఆకుకందని పోకకు పొందని జవాబొచ్చింది:
*హక్కు మా దగ్గర ఉందో లేదో తెలియదు.
అనుమతి మాత్రం ఇవ్వలేము.*

ఆ కాగితం ఇంకా సొరుగులోనే ఉంది. చూపించాను.
కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివి
ఆవిడ దగ్గొచ్చేదాకా నవ్వారు.
తర్వాత కుర్చీ జరుపుకున్నారు.

కణుపులు వాచిన వేళ్ళు.
మొదటి స్టేజిలోనే మూడుసార్లు చచ్చారు.
నేను అందుకోబోలేదు, ఆవిడ ఇవ్వబోలేదు.
టీ చల్లారింది.
రెండో స్టేజి. గుహ. తాళంచెవి.
మూడోది. వంతెన, గబ్బిలాలు,
వాన.

ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.
"ఇది నాది కాదు."

అదేంటండీ, అన్నాను.

"గబ్బిలాలు ముసిరితే మా మిషను రొప్పేది,
దాంతోపాటే పాట కుంటేది.
ఎక్కడ కుంటుతుందో లెక్కేసి
ఆ కుంటుడుకే స్వరం కట్టాను.
ఇదేమో రైలు తప్పిపోతున్నట్టు పరిగెడుతోంది."

నిజమే. తెర తడబడకుండా
వేగం పెంచే ఆప్షన్ పెట్టుకున్నాను,
వచ్చేవాళ్ళకు అదే ఇష్టం.
తీసేశాను.

మళ్ళీ వంతెన. మళ్ళీ గబ్బిలాలు.
తెర బరువెక్కింది.
ఒక్కో చినుకూ
పడనా వద్దా అని
చూరు పట్టుకుని వేలాడి
పడింది.

కంట్రోలర్ ఆవిడ ఒళ్ళో ఉండిపోయింది.
కత్తి పట్టిన ఆ బుడతడు
వానలో కదలకుండా నిలబడి
ఉన్న ప్రాణాలన్నీ పోగొట్టుకున్నాడు.
బయట ట్రాము మలుపు తిరిగింది.

"ఇందాకటిది కాపీ కూడా కాదు," అన్నారావిడ.
"దొంగతనం జరిగింది ఇప్పుడు."

చచ్చిన క్యాట్రిడ్జిని తొడుగులో పెట్టుకుని
ఎంతివ్వాలన్నారు.
బాగుచెయ్యలేదుగా, ఏమీ వద్దన్నాను.
ఒప్పుకోలేదు. రసీదు కూడా కావాలన్నారు.

కలం పట్టుకుని కాసేపు ఆలోచించి
రాశాను:
తుడిచినందుకు,
మూడు వందల యెన్లు.