మిగిలినదెంత

కాశీబుగ్గ దాటాక జీడిపప్పు బట్టీల వరసలో
ఒక రేకుల షెడ్డు, గోడకి హాజరు పెట్టె.
వేలిముద్రలు పనికిరావిక్కడ.
జీడితొక్కల నూనె ఈ ఆడవాళ్ల వేళ్ల గీతల్ని
ఎప్పుడో తినేసింది.
అందుకే కార్డులు. కార్డు చదివే సి ప్రోగ్రాం నాది.

పెట్టెలో గడియారం ఏడు నిమిషాలు ముందుంది.
ఎనిమిదికి వచ్చిన మనిషి ఎనిమిదీ ఏడుకి వచ్చినట్టు;
అరగంట కూలి కోత.
"ముల్లు ఎనక్కి తిప్పీ బాబూ, దానికేటి" అంది దాలమ్మ.

తిప్పలేను. ఒక్కసారిగా లాగితే
ఒకే నిమిషం రెండుసార్లు పుడుతుంది.
లోపలికి రాకముందే బయటికి పోయారని
రిజిస్టరు సాక్ష్యం చెబుతుంది.
గడియారాన్ని నెమ్మది నడకలో పెట్టాలి,
సెకనుకి అర మిల్లీసెకను,
రోజుకి నలభై మూడు సెకన్లు,
పప్పు మాడకుండా మంట తగ్గించినట్టు.
పది రోజులు ఓపిక పట్టమన్నాను.

అడ్జ్‌టైమ్ అని పిలిస్తే మొదట మైనస్ ఒకటి:
అనుమతి లేదు. రూట్‌గా నడిపాను.
తర్వాత సున్నా. రోజూ సున్నా.
తప్పేమీ లేదని చెప్పే ఆ సున్నాని నమ్మి
నేను టెక్కలి వెళ్లి వేరే పని చూసుకున్నాను.

పదహారో రోజు ఫోను.
"పొద్దున్న బాగుంది గానీ బాబూ,
సాయంత్రం రైలు గేటు పడ్డాక గానీ
మీ పెట్టె మమ్మల్ని ఒదల్లేదు.
మునుపు గేటు పడకముందే ఎలిపోయీవోళ్లం."

గేటు తప్పదు. నేనే తప్పాను.
ట్యూబులైటు కింద దోమల్లో కూర్చుని చూస్తే,
ప్రతి అర్ధరాత్రీ నా ప్రోగ్రాం
ఏడు నిమిషాల మొత్తాన్నీ మళ్లీ కొత్తగా అడుగుతోంది.
కొత్త పిలుపు పాతదాన్ని కొట్టేస్తుంది.
తీరిన వాయిదా తీసెయ్యకుండా
రోజూ అదే బాకీ రాసే సావుకారు లెక్క!
పిలుపులో రెండో చోటు ఒకటుంది,
ఇంకా ఎంత మిగిలిందో చెప్పే చోటు.
అక్కడ నల్ అని రాసి ఊరుకున్నాను.
నాకు చెప్పొద్దు, అని.

ఇప్పుడు నాలుగున్నర నిమిషాలు వెనక.
ఈసారి ముందుకి నడవాలి, ఆరు రోజుల పైచిలుకు.
ఒక్కసారే అడిగాను. రోజూ మిగిలింది మాత్రం చదువుతున్నాను.

"మరి కోసేసిన అరగంటలో?"

దానికి ఏ లైబ్రరీలోనూ పిలుపు లేదు.
కాగితం తీసి పేర్లు చెప్పమన్నాను, యజమానికి ఇద్దామని.
దాలమ్మ తన పేరు చెప్పలేదు.
పక్క బల్ల పిల్లని చూపించింది,
పనికి కొత్త, మాట పెగలదు,
పదకొండు కోతలు.